బావిలో తేలని తాబేలు

హలో… ఆ, నేనే. పొద్దున్నుంచి ఫోన్ చేసి, నువ్వు ఎత్తంగనే పెట్టేస్తాండేది నేనే.

…లేదక్కా, బ్యాంకోళ్ళం గాదు. పెట్టేయద్దు. నేను పాలయ్యను.

…పాలయ్య. మన ఊర్లో చర్చి ఎనక ఇల్లు. సారమ్మ కొడుకును. ట్రాక్టరు తోల్తాంటి… ఆ, ఆ పాలయ్యనే.

…చావలేదక్కా. బతికే ఉండా.

…అవును, అవతల పార్టీనే. అప్పుడు. ఇప్పుడు నాకు ఏ పార్టీ లేదు.

…నంబరా? మన ఊరి గురమ్మత్త ఇచ్చింది. ఆమె మీద కోపం చేయద్దు, నేనే బతిమాలి తీసుకున్యా. నువ్వు ప్రొద్దుటూరులో పప్పుల మిల్లుకు పోతాండావని గుడక ఆమే చెప్పింది. పనిలో ఉండావా? …అన్నానికి ఇడిసినారా. అయితే రొంతసేపు ఇను మైమూనక్కా.

…నేనా? ముద్దనూరులో ఉండా. టీ అంగడి ముందర వ్యాన్ ఆపుకోని. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనపడ్తాండాయి.

…భివండి నుంచి. బొంబాయి పక్కన. ఆడ మగ్గాల గోడౌన్లకు వ్యాన్ తోల్తా. మూడు దినాలాయ బయల్దేరి. ఒక్కణ్ణే… ఒక్కణ్ణే అంటే, నా జతకు ఇంగొకటి ఉండాది. దాని గురించే ఫోన్ చేసింది.

…చెప్తా. తొందరపెట్టద్దు. నీకు ఎట్ల చెప్పల్లో దారిపొడుగునా దీనికి చెప్పి చూసుకుంటా వచ్చినా. సోలాపూర్‌లో లాడ్జికి పోతే, టబ్బులో ఏందని గోనెపట్ట ఎత్తి చూసి, నీకైతే ఇస్తా దీనికి రూము ఇయ్యనన్న్యాడు. ఇద్దరం వ్యాన్‌లోనే పండుకున్యాం. రాయచూరు కాడ ఎండకు నోరు తెరిచింది, పోతాదేమో అనుకున్యా. రోడ్డు పక్క పంపు కాడ గంటసేపు నీళ్ళు పోస్తా కూర్చున్యా. గుత్తిలో పోలీసాయన ఆపి, ఎలక్షన్ల కాలం గదా, టబ్బులో దుడ్లు తోల్తాండానేమో అని చెయ్యి పెట్టినాడు. అది బుస్సుమనె. చెయ్యి తీసుకోని పొమ్మన్న్యాడు.

…తాబేలు అక్కా.

…అక్కా? లైన్లో ఉండావా?

…అదే. చెన్నకేశన్న చీనీకాయల తోట బావిలోది. మీ ఇంటాయన సాకినదే.

…అబద్ధం ఎందుకు చెప్తా, ఇంత దూరం తోలుకోనొచ్చి.

…సరే, అడుగు. …గుర్తేముందా? ఉండు, ఎత్తి చూస్తా. ఎడమ పక్క. ఎనక కాలి పైన, చిప్ప అంచుకు చిన్న బొక్క ఉండాది. దాంట్లో రాగితీగె. మోటరుకు చుట్టే తీగె. రెండు చుట్లు చుట్టి, దాని కాలికి గీసుకోకుండా కొస లోపలికి మడిచినాడు.

…నువ్వు పట్టుకుంటే ఖాదరన్న చుట్న్యాడా. నాకు తెల్దు. ఇరవై ఏండ్లు చూస్తాండా ఆ తీగెను, దాంట్లో నీ చెయ్యి గుడక పడిందని తెల్దు.

…ఏడ్చద్దు అక్కా. …కాదులే, ఏడువు. వద్దనేదానికి నేనెవుర్ని.

…నాకాడికి ఎట్లొచ్చిందా. అదే చెప్పల్ల.

ఆ శుక్రవారం. సర్పంచి ఎలక్షన్లలో చెన్నకేశన్న నామినేషన్ ఏసినాడు గదా, మా పార్టీ పెద్దాయనకు ఆ కోపం. తోట కొట్టేయండి అన్న్యాడు. కాపలా ఉండేది మీ ఆయన ఒక్కడే, మోటరు చూసుకునేది ఆయప్పే. శుక్రవారం మధ్యానం నమాజుకు పోతాడని ఊరంతా తెల్సు. ఎవురూ వచ్చి చెప్పల్సిన పన్లే. ఇరవై మందిమి పోయినాం. గొడ్డండ్లోళ్ళు చెట్లకాడికి పోయిరి. నా చేతికి పురుగుల మందు డబ్బా ఇచ్చి బావికాడికి పొమ్మనిరి.

…ఆ. పోసింది నేనే.

…తిట్టు. ఇంటాండా. ఇంగా తిట్టు.

…బావిలోకి దిగితే, నీళ్ళ పక్క మెట్టు మీద ఇది ఎండకు పండుకోని ఉండాది. నన్ను చూసి నీళ్ళలోకి దూకల్ల గదా. దూకలే. నా కాళ్ళ కాడికి నడిచొచ్చింది. అన్న దినామూ రొట్టె ముక్క ఏస్తాండె గదా, మనిషి వస్తే మేత వస్తాదని దాని నమ్మకం. నాకు చేతులాడలే. టవాలులో చుట్టి, ట్రాక్టరు సీటు కింద పెట్టి, మళ్ళా దిగి మందు పోసినా. చెట్లు నరికేది తప్పనిపీలే నాకు ఆ పొద్దు. పెద్దాయన చెప్పినాడు, చేసినాం. దీన్ని చంపేది మాత్రం నాతో కాలే. అదొక్కటి మంచిపని చేసినా అనుకుంటా ఇంటికి పోయినా.

…ఆ. అదే. చేపలన్నీ తేలినాయి, తాబేలు తేల్లే.

…తెల్సక్కా. మీ పార్టీలో ఎట్ల మాట్లాడుకున్యారో అంతా తెల్సు. మందు పడ్తాదని ముందే తెల్సినోడే దాన్ని తీసుంటాడు, దాని మీద ప్రేమ ఉండేది ఖాదరుకే, కాబట్టి ఖాదరే అవతల పార్టీకి దారి ఇచ్చినాడు అని. నమాజుకు గుడక కావాల్నే పోయినాడనిరి. ఆయప్ప పోని శుక్రవారం ఒక్కటన్నా ఉండాదా?

…నేను ఈ తాబేలుకు పాలకూర తెంపి పెడ్తాంటే, ఆడ చెన్నకేశన్న మనుషులు ఆయప్పను బావికాడికి పిలిపిచ్చి కాళ్ళిరగ్గొట్టిరి.

…లేదు, అప్పుడే తెల్లే. ఊరిడిసి జమ్మలమడుగులో దాక్కోనుంటి. అన్న పోయిన మూడోనాడు తెల్సింది.

…ఎందుకు చెప్పలేదంటే… భయం అక్కా. చెప్తే మీ పార్టీ చంపుతాది, మా పార్టీ అంతకంటే ముందు చంపుతాది. ఇంగేం లేదు, భయం. బక్కెట్లో దీన్ని ఏసుకోని భివండికి పారిపోయినా. ఆడ చర్చిలో ఎన్ని తూర్లు ఒప్పుకున్యానో. దేవునికి చెప్పేది సులువు. ఎదురు అడగడు.

…ఇప్పుడెందుకంటే, నాలుగు దినాల కింద ఫోన్లో గురమ్మత్త ఒక మాట చెప్పింది. నువ్వు అన్న పేర ఫాతెహా ప్రార్థన గుడక చదివిచ్చలేదంట గదా. జానీబీ అప్పుడు పాలు తాగే బిడ్డ. అది పెద్దదై నాయన సంగతి అడిగితే, మీ నాయన ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినాడు అని నువ్వే చెప్పినావంట. ఊరు నమ్మితే నమ్మె అనుకున్యా. నువ్వు గుడక నమ్మినావని నాకు తెల్దు. ఆ ఫోన్ పెట్టేసినాక ఇంగ కూడు పోలే. మర్నాడు పొద్దున్నే వ్యాన్ తీసినా.

…కాదు. ద్రోహం చేయలే. నీ మొగుడు ఏ తప్పూ చేయలే. ఎన్ని తూర్లన్నా చెప్తా.

…ఆసుపత్రిలోనా? ఎన్ని దినాలుండె? …తొమ్మిది.

…తాబేలు ఏమాయ, నిజం చెప్పు అని నువ్వడిగినావు. ఏమన్న్యాడు?

…ఇంగోసారి చెప్పక్కా. బస్సు పోయింది, ఇనపల్లే.

…"ఎవురో మంచోడు తీసుంటాడులే, బతికింది గదా" అన్న్యాడా.

…మంచోడన్న్యాడా. నన్ను.

…

…లేదు, ఉండా. ఉండా అక్కా. రొంత ఆగు.

…నువ్వు అబద్ధమనుకున్యావు. ఎవురైనా అదే అనుకుంటారు. కాళ్ళు రెండూ పోయినోడు అట్ల మాట్లాడితే ఎట్ల నమ్ముతారు. …మొగం తిప్పుకోని కూర్చున్యావా. తొమ్మిది దినాలూనా. …నీ తప్పు లేదక్కా. నీ మొగం తిప్పిచ్చింది నేను.

…ఏముంది, దీన్ని తెచ్చి నీ చేతిలో పెట్టి, నీ కాళ్ళు మొక్కి పోదామని వచ్చినా. గంటలో ప్రొద్దుటూరులో ఉంటా—

…వద్దా.

…"నా గడప తొక్కద్దు" అంటే తొక్కను. మల్ల దీన్ని…?

…చెన్నకేశన్నకాడికా.

…పులివెందులలో ఇల్లు కట్టినాడా. …తెల్సు, వచ్చేటప్పుడు కొండాపురంలో ఫ్లెక్సీ చూసినా. మా పెద్దాయన, చెన్నకేశన్న, ఇద్దరికీ ఒకే పార్టీ కండువా. ఇద్దరూ దండం పెట్టి నవ్వుతాండారు. వ్యాన్ ఆపి శానాసేపు చూసినా. ఎవురి కోసరం నరికినాం ఆ చెట్లు, ఎవురి కోసరం పోయినాడు ఖాదరన్న.

…ఆయన మనుషులు ఇప్పుడైనా ఊరుకుంటారంటావా? …ఊరుకోకపోతే పోనీ అంటావా. …అవును. అన్నను కొట్టేటప్పుడు ఎవురు అడ్డమొచ్చిరి.

…నేను పోతా. పోతానని చెప్తాండా గదా.

…వాకిట్లో జనం ఉండేటప్పుడు పోవల్ల. తాబేలును ఆయన ముందర పెట్టల్ల. తీగె చూపియ్యల్ల. సరే. చెప్పినాక నీకు ఫోన్ చేయల్ల. అప్పుడు దీన్ని ప్రొద్దుటూరుకు తేవల్ల. సరే అక్కా.

…ఏమని చెప్తానా? జరిగిందే చెప్తా. …ఇప్పుడా? నీకా?

…"చెన్నకేశన్నా, తాబేలును తీసింది నేను. ఖాదరుకు ఏం తెల్దు."

…ఇంగోసారా. "తాబేలును తీసింది నేను. ఖాదరుకు ఏం తెల్దు."

…గట్టిగానా. ఈడ టీ తాగేటోళ్ళు ఉండారక్కా. బస్సుకు నిలబడినోళ్ళు ఉండారు. మన పక్క ఊర్లోళ్ళు గుడక ఉంటారు.

…అదేలే. ఈడ అనలేనోణ్ణి ఆడ ఏమంటా.

…సరే. ఇను.

"తాబేలును తీసింది నేను! మందు పోసింది నేను! ఖాదరుకు ఏం తెల్దు!"

…ఇనపడిందా? …అందరూ ఇటే చూస్తాండారు అక్కా. గ్లాసులు పట్టుకోని అట్లే నిలబడినారు.

…అక్కా?

…హలో… మైమూనక్కా… హలో…

…ఏంలేదప్పా, నిన్ను గాదు. ఫోన్లో మా అక్క… పెట్టేసింది. ఈ టబ్బులో రొన్ని నీళ్ళు పోస్తావా? …చాలు, చాలు. పులివెందులకు ఇట్లనే గదా పోవల్సింది?