శ్రీరాంపూర్‌లో నేను బెల్ట్ మీద నడిచిన నడక

పిల్లలూ, మీరు ఎక్కడో పుణెలో పెరుగుతున్నారు. మన బొగ్గుబావుల శ్రీరాంపూర్‌లో మీ బాపు ఎంత గొప్పవాడో మీకెవరూ చెప్పలేదు. అక్కడివాళ్లకు చెప్పడానికి మొహమాటం. అందుకే నేనే చెప్తున్నాను.

పోయిన ఎండాకాలం ఊరికి పోయినప్పుడు కోమలత్త చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాం. కొండల్ మామకు మెట్లెక్కితే ఎద పట్టేస్తోంది. డాక్టరు టీఎంటీ రాశాడు. అదేం పరీక్షోనని ఆయనకు భయం. గొప్పలు చెప్పుకోవడానికి నాకు అంతకన్నా మంచి అవకాశం ఏం కావాలి?

"ఫికర్ లేదు బావా. బొగ్గు మోసే బెల్ట్ చూసినవ్ గదా? గసొంటిదే చిన్నది. ఎదకు వైర్లు అతికించి దాని మీద నడిపిస్తరు. గుండె ఎట్ల కొట్టుకుంటుందో గా వైర్లు కాయితం మీద గీస్తయి, గదే ఈసీజీ. కూసున్నప్పుడు గుండె మంచిగనే ఉంటది, పని చెప్తేనే దాని సంగతి బయటవడ్తది. నిరుడు నేను చేయించుకున్న గదా!"

అక్కడ ఆగితే బాగుండేది. మా పక్కనే కూర్చున్న నా దోస్తు రాయమల్లు చాయ్ ఊదుకుంటూ, "ఎంతసేపు నడిచినవే?" అన్నాడు.

"ఎంతసేపా? సిస్టరమ్మ జోరు పెంచింది, నడిచిన. బెల్ట్ ఎత్తు లేపింది, ఇంకా నడిచిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మిషిన్ల కాయితం అయిపోతే గోడకున్న క్యాలెండర్ వెనుక గీసిన్రు. గంతల కరెంటు పోయింది."

"మరి బెల్ట్ ఆగలే?"

"నేనాగితే గదా అది ఆగేది! నా నడకకే కరెంటు పుట్టి దవాఖాన లైట్లన్ని వెలిగినయ్. జర జోరు చేసేసరికి బెల్ట్ నన్ను తీస్కొని బయటవడ్డది. గోదారి బ్రిడ్జి దాటినం, పెద్దపల్లి దాటినం, జమ్మికుంట మార్కెట్ల పత్తి బండ్లన్ని పక్కకు జరిగినయ్. డాక్టరు బండి మీద ఎనకనే బీపీ చూసుకుంట వచ్చిండు."

"బీపీ ఎంతుండె?"

"బీపీ అంటే రక్తం నరాల గోడలను నెట్టే జోరు, రాయమల్లూ. నాది చూసి మిషినే 'ఇగ చాలు, అన్నా' అన్నది!"

అందరూ నవ్వారు. కొండల్ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"గంత నడవాల్నా? ఇంటి మెట్లే ఎక్కలేకపోతున్న. నేను పోను."

కోమల మరుగుతున్న చాయ్ వదిలేసి బయటికొచ్చింది.

"అన్నా, నేను బతిమాలంగ బతిమాలంగ ఈయన రేపు పోదమన్నడు. నీ కోతలకు మళ్ల బెదిరిండు. ఆనాడు దవాఖానల తలుపు కాడ నువ్వు ఇడిచిన అంగీ పట్టుకొని నిలవడ్డది నేనే గదా? బెల్ట్ కదలంగనే కడ్డీని కావలించుకొని 'సిస్టరమ్మా, ఆపవ్వా' అని మొత్తుకున్నదెవరు?"

రాయమల్లుకు చాయ్ ముక్కులోకి పోయింది. కొండల్ మాత్రం నన్నే చూస్తున్నాడు.

"ఆపిందా?"

"ఏంది బావా?"

"నువ్వు ఆపుమంటే గా సిస్టరమ్మ ఆపిందా?"

"ఆపింది. అనంగనే ఆపింది. డాక్టరు గూడ పక్కనే ఉండె. ఎద పట్టినా, దమ్మొచ్చినా చెప్పుమంటరు."

"గా ముచ్చట ముందుగాల చెప్పక నన్ను జమ్మికుంట దాకా ఎందుకు తిప్పినవ్?" అని, కోమల వైపు తిరిగి, "పొద్దుగాల పోదం తియ్" అన్నాడు.

పిల్లలూ, ఈ కథ మీ దోస్తులకు చెప్పండి. బెల్ట్‌ను నాగపూర్ దాకా నడిపించినా నాకు అభ్యంతరం లేదు. కానీ వినేవాళ్లలో ఆ పరీక్షకు భయపడేవాళ్లు ఒక్కరున్నా, ఆపమంటే ఆపుతారని మొదటే చెప్పండి. మీ బాపు మొత్తుకున్నాడని కూడా చెప్పండి, పర్వాలేదు. మీ మామ దవాఖానకు పోయింది ఆ మాట విన్నాకే.