హజరత్తయ్య తల పుట్టించిన కరెంటు

"నెల తిరక్కముందే మీ రిపోర్టులు మీ చేతిలో పెడతాం" అని మెదడు పరీక్షల వ్యానులో వచ్చిన డాక్టరమ్మ అల్లూరులో మైకు పట్టుకొని మాటిచ్చి ఏడు నెలలైంది. ఒక్క కాగితమూ రాలేదు. రొయ్యల గుంటకాడ మూర్ఛొచ్చి పడిన హజరత్తయ్యను, ఆ రిపోర్టు తెచ్చిందాకా పనిలోకి రావద్దన్నాడు యజమాని. అయినా ముంతాజ్ బేగం టీ అంగట్లో ఆయన గొంతు మాత్రం తగ్గలేదు.

"ఇన్నాళ్లూ మెదడంటే ఎవరిది? పట్నంలో ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లది! పుస్తకాలన్నీ వాళ్ల తలలు చూసి రాసినవే. 'ప్రతి తలా ఒక గ్రంథమే' అని వ్యానుకి బ్యానరు కట్టినారే, ఆ గ్రంథంలో మొదటి పేజీ నాది. బుడిపెల టోపీ నా నెత్తిన పెట్టి, 'కదలకుండా భలే కూర్చున్నావన్నా' అనింది ఆ డాక్టరు పాప. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేంది?" అన్నాడు పక్కన బల్ల మీద కూర్చున్న పద్మనాభయ్య, టీ ఊదుకుంటా.

"తెర మీద గీతలు లేచినాయి, ఉప్పెన లేచినట్టు! తెర చాలక వ్యాను గోడ మీదికి పాకినాయి. అంతలో కరెంటు పోయింది. 'బాధపడబాకమ్మా, వైరు నా టోపీకి తగిలించు' అన్నా. ఫ్యాను గిర్రున తిరిగింది! ఆ వైరే గుంటలదాకా లాగితే రొయ్యలకి గాలి కొట్టే మా ఏరియేటర్లు నాలుగూ సాయంత్రందాకా ఆడినాయి. రొయ్యలు మీసాలు దువ్వుకున్నాయి!"

"నయం, అవి రిపోర్టు అడగలేదు."

"నవ్వబాకబ్బయా! ఢిల్లీలో శాస్త్రవేత్తలు పాత పుస్తకాలన్నీ చించేసి, నా తలను బట్టి కొత్తవి రాస్తా ఉండారు. అందుకే ఆలస్యం."

ముంతాజ్ బేగం గ్లాసు కింద పెట్టింది. "హజరత్తన్నా, ఇంకెన్నాళ్లు ఎదురుచూస్తావు? పెద్దవాళ్ల ముందుకు పోతా ఉండామని ఆ పొద్దు ముప్పైయెనిమిది మందిమీ తలకి కొబ్బరినూనె కారేటట్టు పెట్టుకొని, నున్నగా దువ్వుకొని పోయినాము. నూనె తలకి ఆ బుడిపెలు పట్టవంట. నీ తలలోంచి ఒక్క గీతా రాలేదు. 'ఈ ఊరి తలలు పనికిరావు' అని రాసుకొని పోయినారు. టీ ఇయ్యను పోయినప్పుడు నా చెవులతో విన్నా. నువ్వు మురిసిపోతా ఉంటే చెప్పను నోరు రాలేదు."

హజరత్తయ్య చెయ్యి తనకు తెలియకుండానే నెత్తి మీదికి పోయింది. సిగ్గు ఒక గుటకలో దిగింది, రోషం దిగలేదు.

"నూనె లేకుండా రండని ఒక్క మాట చెప్పను వాళ్లకు నోరు లేదా? పనికిరాంది నా తలా? పద్మనాభయ్యా, ఫోను తియ్యి. నేను చెప్తా, నువ్వు రాయి."

ఆయన లేచి నిలబడి చెప్పినాడు:

"డాక్టరమ్మ గారికి. మీరు వదిలేసి పోయిన తలలు ముప్పైయెనిమిది. అన్నీ కుంకుడుకాయతో రుద్దుకొని కూర్చుంటాం. టోపీ పట్టుకొని మళ్లీ వస్తారా, రారా? నవంబరు ఇరవయ్యో తేదీలోగా జవాబు కావాలి."