యుద్ధానికి వెళ్లని ఓడ

హలో… ఆ, నేనే అక్కా. కాస్త ఊపిరి పీల్చుకోనీ, ఇప్పుడే రేవు నుంచి వచ్చా.

…

అవును, ఆదివారం పూటే. ఫ్లాస్కు మూత కోసం వెళ్లా. … నవ్వకు. పొద్దున దాని మీదే అరగంట గొడవ. మూత లేనిది ఫ్లాస్కే కాదని మీ మరిదిగారు. గిన్నె బోర్లిస్తే చాలని నేను. అలా అంటూ అంటూ పెళ్లైన ఏడాది పోగొట్టిన గొడుగు దాకా వెళ్లాం.

మూత ఎక్కడ పోయిందా… అదే చెప్పబోతున్నా. నిన్న అత్తయ్య తమ్ముడి కుటుంబానికి ఊరు చూపించా. … ఆ, మామూలు వరసే. గడియార స్తంభం, పాత కస్టమ్స్ ఆఫీసు మెట్లు, చేపల బజారు బయటి నుంచే, ముక్కు మూసుకుని. చివర్న గట్టు మీది ఓడ.

అదే, సిమెంటు దిమ్మె మీద నిలబెట్టిందే. నీకు చెప్పినట్టే వాళ్లకూ చెప్పా… యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి పక్కన ఆ సొట్ట పడిందని, అయినా రేవు చేరిందని. ఈసారి పొగ కూడా చేర్చా. కళ్లు చెమర్చాయి… వాళ్లవి కాదులే, నావి.

ఓడకు కాపలా కాసే పెద్దాయన వెనకాలే నిలబడి అంతా విన్నాడు. పెద్దవాడు కదా అని ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చా. తాగుతూ నెమ్మదిగా అన్నాడు, "అమ్మా, ఇది ఏ యుద్ధానికీ వెళ్లలేదు. పెద్ద ఓడలకు తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చేది. దీని ఇంజన్ దగ్గర ముప్పయ్యేళ్లు పనిచేశా. ఆ సొట్ట దిమ్మె మీదికి ఎత్తేటప్పుడు క్రేను తగిలి పడింది."

ఏం చేస్తా… ఆలస్యమైందని అందర్నీ బస్సెక్కించా. మూత ఆయన చేతిలోనే ఉండిపోయింది.

ఆ గుండు కథ నాకెవరు చెప్పారా… ఎవరూ చెప్పలేదే. పెళ్లైన కొత్తలో ఆ సొట్టేమిటని అత్తయ్య అడిగారు. డిగ్రీ చదివిన కోడల్ని, తెలీదంటే ఏం బాగుంటుంది? పదిహేనేళ్లుగా అదే పాట. నిజమంతా పక్కనే ఇత్తడి పలక మీద చెక్కి ఉందట. నేనెప్పుడూ దానికి వీపు ఆనించి నిలబడే చెప్పేదాన్ని.

… తెలుసు. మీ వాడు ఆ గుండు మీదే వ్యాసం రాసి బడిలో బహుమతి తెచ్చుకున్నాడు. వాడికి నేనే చెబుతా, నువ్వు ఆ మాట కదపకు.

అసలు సంగతి వేరే. ఇవాళ వెళ్తే ఆయన మూత కడిగి, తుడిచి ఉంచాడు. కూర్చోమన్నాడు. తను నిజం చెబితే జనం రెండు నిమిషాల్లో ఐస్‌క్రీం బండి వైపు పోతారట. నిన్న నా చుట్టూ ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా చేరారట. "నిజం నేను నేర్పుతా. జనాన్ని నిలబెట్టడం మీకు వచ్చు" అన్నాడు.

… ఉద్యోగమే. వారానికి మూడు రోజులు, పది నుంచి రెండు దాకా ఓడ చూపించాలి. రేపే బడిపిల్లలు వస్తున్నారు. ఇవాళ ఒంటిగంటకల్లా అవునో కాదో చెప్పాలి.

ఏమన్నానా… ఇంట్లో అడిగి చెబుతానన్నా. … తిట్టు, తిట్టు. ఫిరంగులకు బెదరని దాన్ని కదా.

వద్దంటారని కాదక్కా. ఒప్పుకుంటే ముందు ఇక్కడ నిజం చెప్పాలి. మా కోడలు చదువుకున్నది అని మొదలుపెట్టి, అత్తయ్య వీధంతా ఆ గుండు కథ చెప్పుకున్నారు.

… ఆ పని నాకు కావాలే. చాలా కావాలి. అది ఎన్నెన్ని ఓడల్ని రేవులోకి తెచ్చిందో ఆయన చెబుతుంటే, నా ఫిరంగి కంటే అదే బాగుంది. వింటూ కూర్చుని మూత సంగతే మర్చిపోయా. … అవును. మళ్లీ అక్కడే వదిలొచ్చా.

ఉండు, అందరూ భోజనానికి కూర్చుంటున్నారు… లేదు, పెట్టేయకు. ఫోన్ బల్ల మీద పెడుతున్నా. నువ్వు వింటుంటే తప్పించుకోలేను.

అత్తయ్యా… ఏమండీ… ఒక్క మాట. గట్టు మీది ఓడకు గుండు తగల్లేదు. అది యుద్ధానికే వెళ్లలేదు. నేను కల్పించి చెప్పా.

… అవునత్తయ్యా, మొత్తం. … పొగ కూడా.

… గడియార స్తంభం గురించి చెప్పిందీ కల్పనేనా అంటారా? అది కనుక్కుని చెబుతా. … పక్కింటావిడకు మీరెందుకు, నేనే వెళ్లి చెబుతా.

ఇంకోటి. రేపట్నుంచి సోమ, బుధ, శుక్రవారాలు ఆ ఓడ చూపించే పని నాది. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం మీరే వడ్డించుకోవాలి.

… అడగడం లేదండీ. చెబుతున్నా.

…

అక్కా, ఉన్నావా? … అత్తయ్య ముందు మొహం తిప్పుకున్నారు, ఇప్పుడు పిల్లలెంతమంది వస్తారని అడుగుతున్నారు. గరిటె మీ మరిదిగారు తీసుకున్నారు… ఏది ఏ గిన్నెలో ఉందో మూతలెత్తి చూస్తున్నారు. చూడనీ. ఒంటిగంట కావస్తోంది, పెద్దాయనకు ఫోన్ చెయ్యాలి. పెట్టేస్తున్నా.