ఎడమ పక్క డోరు

హలో… ఆ, నేనే… నేనే తమ్ముడూ, రజినిని. ఇందాక నేనే చేసినా, నువ్వు ఎత్తలేదు.

…బండి కింద పండుకోనుంటివా? సర్లే. ఇప్పుడు ఖాళీనేనా? షెడ్డులో ఎవరూ లేరు గదా?

…గిద్దలూరులో ఉండా. కార్లోనే కూర్చోనుండా. మా తమ్ముడు కొత్తిల్లు కట్టినాడు గదా, ఈ పొద్దే చేరుతుండారు. పాలు నేనే పొంగించాల, ఆడబిడ్డను గదా… ఆ, మా ఆయన పండ్ల బండి కాడ దిగినాడు. పూలు, అరటిపండ్లు తెస్తానని పోయినాడు. పిల్లోళ్లు మొన్ననే మా అమ్మ కాడికి వచ్చేసినారు. ఆయన లేని టైము చూసుకోని నీకు చేసినా.

…లేదు లేదు, కారుకేం కాలేదు. మార్కాపురం నుంచి ఈడిదాకా గుక్క తిప్పుకోకుండా వచ్చింది. ఇంత పాత బండి అంటే ఎవరూ నమ్మరు. నీ చేతి పని అట్లాంటిది… ఏందయ్యా, పొగిడినా అనుమానమేనా?

…సరే, చెప్తా. ముందర ఎడమ పక్క డోరు ఉంది చూడు. లోపల్నుంచి ఎంత లాగినా రాదే, అది… దాన్ని నువ్వు ముట్టుకోవద్దు.

…అవునయ్యా, నేనే చెప్పినా బాగుచెయ్యమని. నీ షెడ్డు కాడికొచ్చి మరీ అరిచినా. ఇప్పుడు నేనే వద్దంటుండా.

…ఎందుకంటే, ఈ పొద్దు ఆ సీట్లో నేను కూర్చోనుండా కాబట్టి.

…నవ్వొద్దు ఎజ్రా. నవ్వినావంటే పెట్టేస్తా… మన ఊరి పిల్లోడివని నీకు చెప్పుకుంటుండా. ఇంకెవరికి చెప్పుకోవాల?

…చెప్తా విను. పొదిలిలో ఒక సారు దగ్గర మా ఆయనా వాళ్లన్నా కలిసి కొన్నారా ఈ కారు. మా బావగారికి కారెక్కితే కడుపులో తిప్పుతుందంట, ఆయన ఎప్పుడూ బైకు మీదనే. నడిపేది మా ఆయన. మరి పక్కన కూర్చునేది ఎవరు?… ఆ, మా ఆదిలక్ష్మక్క. బావగారి పెండ్లాం. పెద్ద కోడలు ఉండంగా చిన్న కోడలు ముందర కూర్చుంటే బాగుండదంట. నేనూ పిల్లోళ్లూ ఎనక. మా మధ్యలో బర్రెల దాణా బస్తా.

…కూర్చుంటే కూర్చోనీ. పెద్దామె. దానికి నేనేం అనలా. నా కడుపు మండేది బండి ఆగినాక. ఆ డోరు లోపల్నుంచి రాదు గదా… అక్క అట్లనే కూర్చోనుంటది. మా ఆయన దిగుతాడు. బండి ముందర నుంచి చుట్టూ తిరిగి వస్తాడు. డోరు తీసి, పట్టుకోని నిలబడతాడు. అప్పుడు ఆమె దిగుతది, మెల్లగా. కలెక్టరమ్మ దిగినట్టు. నేనేమో ఎనక నుంచి పిల్లోళ్లనీ సంచులనీ ఈడ్చుకుంటా దిగాల.

…ఆ, అందరూ చూస్తారు. చూడకుండా ఎట్లుంటారు? మొన్న పెండ్లిలో ఒకామె నన్నే అడిగింది, 'కారు నడిపే ఆయన పెండ్లాం ముందరామెనా' అని. ఆమె నీళ్లు తాగుతా మామూలుగా అడిగింది. నాకు ఆ పొద్దంతా అన్నం సయించలేదు.

…కుళ్లే. కుళ్లు కాకపోతే ఇంకేంది? దాచేదేముంది నీ దగ్గర. ఆమెను చూస్తే నాకు కుళ్లు. ఏసీ చల్లగా రావట్లేదని అక్క ఒక్కమాట అనింది, మర్నాడే నీ కాడికి తెచ్చి గ్యాసు పట్టించినాడా లేదా?… పట్టించినాడు గదా. హారను మోగట్లేదంటే హారను. వానలో దారి కనపడక అక్క భయపడిందంటే వైపరు. నేను కూర్చునే పక్క అద్దం కిందికి దిగదు, దాణా వాసనకు తల తిరుగుతుందయ్యా అంటే, 'చూద్దాంలే' అంటాడు. ఇంకా చూస్తానే ఉండాడు.

…ఆమె చెడ్డదేం కాదు. అదే నా ఏడుపు. చెడ్డదైతే నాలుగు తిట్టుకోని ఊరుకునేదాన్ని. నాకు టైఫాయిడ్ వస్తే నా తల దువ్వింది ఆమే. దువ్వించుకుంటానే కుళ్లుకున్నా. ఏం చెయ్యమంటావు?

…ఈ పొద్దు ఆమె రాలేదు. వాళ్ల నాయనకు బాగలేదంటే వెలిగండ్ల పోయింది. ఆ మాట వినంగానే నాకు మొదట ఏం తోచిందో తెలుసా… ముందర సీటు. ఛీ, నా బుద్ధి. ఆయన బాగుండాలని దండం కూడా పెట్టుకున్నా… పెట్టుకున్నా, నిజంగానే. కానీ సీటు గుర్తొచ్చినాకనే.

…అదేనయ్యా చెప్పేది. రెండు సందులు తిరిగితే మా తమ్ముడిల్లు. గేటు కాడ మా అమ్మ ఉంటది, పిన్నమ్మోళ్లు ఉంటారు, మేనత్త ఉంటది. బండి ఆగాల. ఆయన దిగాల. చుట్టూ తిరిగొచ్చి నాకు డోరు తియ్యాల. మా వాళ్లు చూడాల. అంతే నాకు కావాల్సింది. బంగారం అడిగినానా?… అందుకే రేపు సర్వీసుకు తెచ్చినప్పుడు నువ్వు ఆ డోరు జోలికి పోవద్దు. అక్క నెల రోజులు వెలిగండ్లలోనే ఉన్నా ఉంటది. ఇంకో రెండు పెండ్లిళ్లు ఉండాయి…

…ఏంది నసుగుతావు? గట్టిగా చెప్పు.

…ఎజ్రా?

…ఏంది?… ఎప్పుడు?… మామిడికాయలప్పుడా?… బాగైపోయిందా!

…లోపల్నుంచి వస్తుందా?… నువ్వే వేసినావా, కొత్త హ్యాండిలు?… మా ఆయన పక్కనే ఉండాడా అప్పుడు?… తీసి, వేసి చూసుకున్నాడా?… 'భలే పడిందిరా' అన్నాడా?

…ఉండు. పెట్టొద్దు. లైన్లోనే ఉండు.

…

వచ్చింది.

ఎజ్రా, వచ్చింది. ఇట్ల వేలు పెట్టినానో లేదో వచ్చేసింది… మళ్లీ వేసేసినాలే, ఎవరూ చూడలేదు.

…నేనెప్పుడు లాగి చూస్తా? ఈ సీటు ఎక్కిందే ఈ పొద్దు.

…మరి ఇన్నాళ్లూ ఎందుకు తీస్తుండాడు? మామిడికాయలు పోయి సీతాఫలాలు వచ్చినాయి. మొన్న ఆదివారం కూడా తీసినాడు. ఎండలో చుట్టూ తిరిగి వచ్చి తీసినాడు. బాగైన డోరు!

…లే, ఆమెకు తెలిసి ఉండదు. తెలిస్తే తానే తీసుకుంటది, అట్లాంటి మనిషి కాదు. ఎవరూ చెప్పలేదు, ఆమె లాగలేదు.

…అదే, అదే. అట్లనే అంటావనుకున్నా. 'వదినా, బాగైంది, నువ్వే తీసుకోని దిగు' అని పెద్దామెకు ఎట్ల చెప్తాడు అంటావు. నోరు రాలేదు ఆయనకు. తల్లి తర్వాత తల్లిలాంటిది… కాదనలేదు తమ్ముడూ. ఆమె చేతి కూడు తిని పెరిగినాడు. వదినకు చెప్పలేడు. పెండ్లానికైతే ఎంత బాగా చెప్తాడో చూడు. 'దిగు దిగు, చేతుల్లేవా' అంటాడు. ఇంకాసేపట్లో అదే అంటాడు, మా వాళ్లందరి ముందర.

…ఏడవట్లేదు. జలుబు.

…వస్తుండాడు. పెట్టొద్దు నువ్వు, చెప్పేదాకా పెట్టొద్దు.

…ఆ, ఇటియ్యి పూలు… ఊరి నుంచి. మన ఎజ్రానే, మా వాళ్ల బాగోగులు అడుగుతుండాడు. నువ్వు పోనీ… ఇంతేనా అరటిపండ్లు?… సర్లే, బాగుండాయి. పోనీ.

…ఉండావా తమ్ముడూ?… ఆ ఆ. ఇల్లు బాగా కట్టినారంట. నువ్వు మాట్లాడొద్దు, విను చాలు.

…కుడి పక్కకు తిప్పు. ఆ నీలం గేటు… అదే, టెంటు వేసిన కాడ.

…అమ్మ ఉంది. పిన్నమ్మ ఉంది. అయ్యవారు చేతి గడియారం చూస్తుండాడు. పాల గిన్నె కూడా బయటికే తెచ్చి పెట్టినారు, నా కోసమే. బండి ఆపినాడు.

…దిగినాడు.

…డిక్కీ తీసినాడు. పండ్ల గంప తీసుకున్నాడు… ఎజ్రా, పోతుండాడు. ఎనక్కి తిరిగి చూడకుండా పోతుండాడు.

…ఆ, చూసినాడు ఇప్పుడు. దిగమని సైగ చేస్తుండాడు. చేత్తో, కోళ్లను తోలినట్టు.

…దిగను.

…పాలు విరిగితే విరగనీ. టైము దాటితే దాటనీ. దిగను నేను… మా తమ్ముడి ఇల్లే, నా తోడబుట్టినోడి ఇల్లే. అయినా దిగను. ఈ ఒక్కసారి దిగినానంటే జన్మంతా నా డోరు నేనే తీసుకోవాల.

…ఏమయ్యా! రావట్లేదు!… డోరు! డోరు రావట్లేదు!… లాగుతుండా, రావట్లేదు… ఎప్పుడు బాగైంది? నాకెవరు చెప్పినారు? అక్క దిగినప్పుడల్లా నువ్వే వచ్చి తీస్తుంటివి గదా. బాగైందని నేనెట్ల అనుకుంటా?

…ఎనక్కి రెండడుగులు వచ్చినాడు తమ్ముడూ. గంప పట్టుకోని అట్లనే నిలబడినాడు… ఏంది?… ఎజ్రాను అడుగుతావా? అడుగు. లైన్లోనే ఉండాడు.

…తమ్ముడూ, స్పీకర్లో పెడతా. 'మళ్లీ పోయింది బావా, లోపల్నుంచి రాదు' అని చెప్పు. అంతే.

…నీ పనికి చెడ్డపేరు వస్తుందా? నాకు ఈడ పరువే పోతుంది. మా అమ్మ నా మొగం చూస్తుంది ఎజ్రా… ఈ బండి సంగతిలో ఆయన నీ మాట తప్ప బ్రహ్మదేవుడి మాట కూడా వినడు. చెప్పు నాయనా. నీకు పుణ్యముంటది… తప్పయితే మీ ప్రార్థనలో నా పేరు చెప్పి ఒప్పేసుకో. నేను మోస్తా. పెడుతుండా ఇదిగో.

…

…స్పీకరు తీసేసినా. చెప్పినావు గదా. నిన్ను ఎట్ల మర్చిపోతా.

…నమ్మినాడా అంటే… నీ మొగం నాకు కనపడదు గానీ, ఆయన మొగం కనపడుతుంది. నమ్మలేదు. అబద్ధమని తెలిసిపోయింది. బాగైన డోరే అక్కకు తీస్తుండాడని నాకు తెలుసని కూడా తెలిసిపోయింది.

…గంప అమ్మ చేతికిచ్చినాడు.

…వస్తుండాడు. బండి ముందర నుంచి. చుట్టూ తిరిగే వస్తుండాడు ఎజ్రా… ఆ, అడిగించుకోని తీయించుకుంటుండా. అడక్కుండా తీసేది వేరే. నాకు తెలీదా? తెలుసు. ఆమెకు అది రోజూ ఉంది. నాకు ఈ పొద్దుకి ఇదే.

…చెయ్యి వేసినాడు హ్యాండిలు మీద. పెట్టేయ్ తమ్ముడూ, పెట్టేయ్… కుచ్చిళ్లు సర్దుకోవాల.