అత్త ఇంట్లో చెత్త లేదు

ఏమే, ఆ కవరు ఎక్కడ పారేస్తున్నావ్? ఇటివ్వు. ఒక్క సబ్బుకి ఇంత హంగామానా? సబ్బుకో కాగితం, కాగితం మీద ప్లాస్టిక్కు, దాని మీద మళ్ళీ ఈ సంచీ. ఉల్లిపాయకి కూడా ఇన్ని పొరలుండవు. మా అత్త చూసుంటే నిన్నూ ఆ షాపువాణ్ణీ కలిపి కడిగేసేది. ఏ అత్తా? మా మేనత్తే, మా నాన్నకి అక్క. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. అసలు నువ్వు పుట్టావంటే ఆవిడ చలవే తల్లీ. నవ్వుతావేం? నిజం. అదే చెప్తాను, ఇలా కూర్చో.

వీధి వీధంతా ఆవిణ్ణి సంచులత్త అనేవాళ్ళు. తలుపు వెనకాల మేకులకి వరసగా సంచులు వేలాడేవి. బియ్యానికో సంచీ, కూరగాయలకో సంచీ, నూనెకి డబ్బా. అన్నీ మా మావయ్య పాత ప్యాంట్లతో కుట్టినవే. మావయ్య పోయాక ఆ ప్యాంట్లు ఎవరికీ ఇవ్వలేదు, పారెయ్యనూ లేదు, కోసి సంచులు కుట్టేసింది. జేబులు కూడా అలాగే ఉంచింది. ఓసారి షాపువాడు, పాపం మర్యాదస్తుడు, "అమ్మా, మీ సంచీకి బొత్తాలు ఊడిపోయాయండీ" అని గొణిగి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఈవిడ తొణకలేదు. "ఎవరూ తొడుక్కోవట్లేదులే బాబూ, బియ్యం పొయ్యి" అంది. మాత్రలు అయిపోతే ఆ రేకులు మందుల షాపుకి పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టేది, "మాత్ర మాది, రేకు నీది, నీ వస్తువు నువ్వే ఉంచుకో" అని. ఆవిణ్ణి చూస్తే చాలు, వాడు లోపలికి దూరేవాడు. ఇంక పళ్ళ బ్రష్షు సంగతి చెప్పాలి. పళ్ళకి పనికిరాకపోతే దువ్వెనలు తోమడానికి, అక్కడా అరిగితే కిటికీ ఊచలకి, ఆ తర్వాత కుట్టుమిషన్‌కి నూనె రాయడానికి. మా ఆఫీసులో నాకు రాని ప్రమోషన్లు ఆ బ్రష్షుకొచ్చాయి. తొక్కలూ తోళ్ళూ, టీ పిప్పీ, చింపిన కాగితాలూ పెరట్లో గోతిలోకి. ఇంక మిగిలేదేముంది? ఏమీ లేదు. చెత్తబుట్టలో ఆవిడ దారపు ఉండలు పెట్టుకునేది.

ఏం చెప్తున్నాను? ఆఁ, ఆఫీసు. నాకప్పుడు ఊరి చెత్త చూసే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. కొత్తగా చేరాను, ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ ఉద్యోగం చూసే మీ నాయనమ్మ వాళ్ళ నాన్న సంబంధానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే... "ఉద్యోగం గట్టిదేనా?" అని మూడుసార్లు అడిగి ఒప్పుకున్నాడు. ఇంతలో మాకో కొత్త ఆఫీసరొచ్చాడు. చెత్త తగ్గించాలని మహా పట్టుదల. గోడగోడకీ "చెత్త తగ్గించండి" అని రాయించాడు. ఇంటింటికీ ఓ కార్డు ఇచ్చి, బండివాడి చేతికి కొక్కెం తూకం ఇచ్చి, రోజూ ఎవరింటి చెత్త ఎంతో తూచి రాయమన్నాడు. బాగానే ఉంది కదా? కానీ ఆ కాగితాల్లో ఎక్కడో ఓ మూల ఇంకో రూలు పెట్టాడు. మూడు నెలలు వరసగా ఏ ఇంట్లో చెత్త రాలేదో ఆ ఇల్లు ఖాళీ కింద లెక్క, కుళాయి కట్టేయాలి అని. అలాంటి ఇళ్ళ జాబితా తీసి, గుమాస్తా స్వయంగా వెళ్ళి చూసి సంతకం పెట్టాలి.

ఇదిగో, అక్కడే మునిగాను. ముగ్గురు గుమాస్తాలం ఎక్కడా రాయకుండా నోటిమాటగా పంచుకుంటే నా వాటాకి నలభై ఇళ్ళొచ్చాయి. ఎండ మండిపోతోంది. టీ కొట్లో బెంచీ మీద కూర్చుని నలభై నోటీసుల మీదా "స్వయంగా వెళ్ళి చూశాను, ఎవరూ లేరు" అని రాసి సంతకాలు గిలికేశాను. నంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు. సొంత అత్త ఇంటి నంబరు ఎవడికి గుర్తుంటుందే? నీకు మీ అత్త ఇంటి నంబరు తెలుసా? చూశావా మరి. ఇందులో అసలు సిగ్గుమాలిన సంగతేంటంటే, ఆ రోజు మధ్యాహ్నం కూడా, రోజూలాగే, నేను భోంచేసింది ఆ ఇంట్లోనే. ఆవిడ కొసరి కొసరి వడ్డించింది, శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుని, బెంచీ మీదకొచ్చి ఎవరూ లేరని రాశాను.

నాలుగో రోజు కుళాయి ఆగిపోయింది. వానకి తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టిన నోటీసు ఒకటి గేటుకి వేలాడుతోంది. ఆవిడ ఖాళీ బకెట్ పట్టుకుని తిన్నగా ఆఫీసుకొచ్చేసింది. ఆవిణ్ణి గుమ్మంలో చూడగానే నాకు సంగతి వెలిగింది. ఆఫీసరు ముందు బకెట్ ఠంగుమని పెట్టి, "నేను లేనని రాశారట, మరి ఇప్పుడు మీ మీద అరుస్తున్నదెవరు?" అంది. ఆయన నిదానంగా "మనిషిగా ఉన్నారమ్మా, రికార్డులో లేరు" అన్నాడు. "చెత్త తగ్గించమన్నది మీరేగా?" "తగ్గించమన్నాం గానీ మొత్తం మానెయ్యమన్నామా?" ఇదీ వరస. ఆఖరికి, రేపు పొద్దున్న నేనే వస్తాను, బండివాడి తూకంలో ఎంతో కొంత చెత్త చూపించండి, కుళాయి తెరిపిస్తాను అన్నాడు. అంతటితో ఆగొచ్చుగా? మా ముగ్గురు గుమాస్తాల వంక తిరిగి, "స్వయంగా చూశానని రాసిన మహానుభావుడెవరు? వాణ్ణి ఇంటికి పంపిస్తాను" అన్నాడు. ముగ్గురం తలలు ఫైళ్ళలో దూర్చాం. ఆఫీసు కాపీ తీయించాడు. తెల్లకాగితం! కార్బను కాగితం తిరగేసి పెట్టి రాశానే తల్లీ, జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పొరపాటు. "అయితే అమ్మా, రేపు ఆ నోటీసు నాకివ్వండి, దాని మీద సంతకం ఉంటుంది" అన్నాడు. ఇంకేముంది, నా పని అయిపోయింది. ఉద్యోగం లేదు, మీ నాయనమ్మ లేదు, మీ నాన్న లేడు, ఇక్కడ కూర్చుని ఇలా పళ్ళికిలించడానికి నువ్వూ లేవు.

సాయంత్రం పరిగెత్తుకుంటూ వెళ్ళాను. అప్పటికే వీధి వీధంతా ఆవిడ గుమ్మంలో ఉంది. ఒక్కొక్కళ్ళ చేతిలో ఒక్కో చెత్తబుట్ట. "అత్తా, మాది తీసుకోండి, పొద్దుటిదే, తాజాగా ఉంది" అని ఒకావిడ. "మాది బరువెక్కువుంటుందండీ, మా ఆయన బద్ధకస్తుడు, నెలరోజులుగా తియ్యలేదు" అని ఇంకొకావిడ. ఎదురింటావిడైతే గిన్నెలో పెట్టి, మీద మూత కూడా పెట్టి తెచ్చింది. అత్త ససేమిరా అంది. "ఎవరి చెత్తో నాదని చెప్పుకుని ఈ వయసులో అబద్ధాలాడనా? పదండి పదండి" అని అందర్నీ పంపించేసింది. నేను మాత్రం లోపలికి జారుకుని ఆ నోటీసు కోసం అలమరలో చూశాను, పరుపు కింద చూశాను, ప్యాంటు సంచుల జేబులన్నీ తడిమాను. వెనకనించి "ఏం వెతుకుతున్నావురా?" అంది. "దాహమేస్తోంది అత్తా" అన్నాను. "నీళ్ళు లేవుగా" అంది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకుంటే ఒట్టు.

పొద్దున్నే ఆఫీసరొచ్చాడు, బండివాడొచ్చాడు, ముగ్గురు గుమాస్తాలం వెనకాల. ఆవిడ లోపల్నించి ఆ ప్లాస్టిక్ కవరొక్కటి తెచ్చి కొక్కేనికి తగిలించింది. ఉత్త కవరు! ముల్లు కదల్లేదు. బండివాడు తూకాన్ని వేలితో రెండు దెబ్బలు కొట్టాడు. ఊహూఁ. ఆఫీసరు "నోటీసేదమ్మా?" అన్నాడు. "కాగితం కుళ్ళుతుంది కదా బాబూ, సన్నగా చింపి గోతిలో వేశాను. ఈ కవరు కుళ్ళదు. ఏడాది మొత్తానికి మా ఇంట్లో తేలిన చెత్త ఇదొక్కటే, ఇది కూడా మీరు పంపిందే. పట్టుకెళ్ళండి." ఆఫీసరు గోతి దాకా వెళ్ళాడు, తొంగి చూశాడు, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కొచ్చాడు. బండివాడు పెన్సిలు పట్టుకుని "ఎంతని రాయను సార్?" అన్నాడు. "ఏదో ఒకటి రాసి తగలెయ్యి" అన్నాడాయన. వాడు ఆలోచించి ఆలోచించి "ఉంది" అని రాశాడు. మధ్యాహ్నానికల్లా కుళాయిలో నీళ్ళు.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఈలేసుకుంటూ నేనూ గేటు దాటబోతుంటే, "నువ్వాగరా" అంది. పార చేతికిచ్చి గొయ్యి కలపమంది. కలుపుతున్నాను. గట్టు మీద కూర్చుంది. కాసేపయ్యాక, "సంతకం బాగుందిరా, కింద ఆ గీత కూడానూ" అంది. నా చేతిలో పార ఆగిపోయింది. తల ఎత్తలేకపోయాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "మీ మావయ్య పోయినప్పట్నించీ ఈ ఇంట్లో ఎవరూ లేరనే నాకూ అనిపిస్తూ ఉండేదిరా. నువ్వేదో రోజూ వచ్చి తింటున్నావు కదా, ఉన్నానేమో అనుకున్నాను" అంది.

నేనా? పార తీసుకుని మళ్ళీ గొయ్యి కలిపాను.

అదిగో, ఎవరో బెల్లు కొడుతున్నారు. చూస్తావేం, వెళ్ళి తలుపు తియ్యి. లోపల మనుషులున్నారని తెలియాలిగా.