పొట్టి షాకులు

షెడ్డులో జీపు కింద పడుకుని మెకానిక్ కొత్త షాక్ అబ్జార్బర్‌ని బిగించబోతున్నాడు. జీపు అతని బావమరిదిది.

“అందట్లేదురా. పొట్టివి తెచ్చావు.”

“ఈ జీపువే బావా! చవగ్గా దొరికాయి.”

“జీపువే. పోయినేడు దీని ఎత్తు పెంచమని నా ప్రాణం తీసింది ఎవరు? ఇప్పుడు పొడుగువి కావాలి.”

“వాటి ధర విన్నావా? రేపు అమ్మని నడుం నొప్పికి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ కుదుపులకి చచ్చినా ఎక్కనంటోంది.”

“ఎక్కడమా? కిందటిసారి స్టూలు వేసి అత్తయ్యని ఇద్దరం ఎత్తాం.”

“నా ఖర్మ! ఏం చేయమంటావు?”

“బండిని మళ్లీ దించేద్దాం. ఇవే సరిపోతాయి. అత్తయ్య తనంతట తనే ఎక్కుతుంది.”

“ఊళ్లో ఇంత ఎత్తు జీపు ఇంకోటి లేదు బావా.”

“దించనా, వద్దా?”

“దించు. షాకులు అందలేదని మాత్రం ఎవరితోనూ అనకు. అమ్మ కోసం దించానని చెప్పు.”