కుడికాలి బూటు

హలో… ఆ, నేనే రా గోపీ. అక్కను.

…లేదు, డ్యూటీలోనే ఉన్నా. స్కీయింగ్ పోటీల దగ్గర, ఫిజియో రూమ్‌లో. కాలేజీ ప్లేస్‌మెంట్ అని చెప్పాగా… ఆ, కాలో చెయ్యో లేనివాళ్ళ పోటీలే.

నిద్రపట్టిందా?… మళ్ళీ అదేనా? లేని కాలికి బూటు బిగుసుకుంటోందా?

…దయ్యమని ఎవరన్నారు?… చిన్నూనా? మంచం కింద నిమ్మకాయ పెట్టాడా? వాడి తలకాయ. మీ అద్దె బేస్‌మెంట్ నిండా కుర్రాళ్ళు, ఒక్కడికీ బుర్ర లేదు.

క్లాసులు మానేశావట. ఇండియా వెళ్ళిపోతా అంటున్నావట… ఇండియా వెళ్తే మాత్రం ఆ బూటు ఊడుతుందా?

…నీకు పిచ్చేం పట్టలేదు. విను.

పొద్దున టేబుల్ మీద ఒకమ్మాయి పడుకుంది. మోకాలి కింద కాలు లేదు. నేను భుజం నొక్కుతున్నా. "ఆ స్కీ బూటు కాస్త వదులు చెయ్యవా" అంది… ఆ, లేని కాలికే. అచ్చం నీ మాటే.

…దయ్యం కాదు రా. వేర్‌హౌస్‌లో పనికి పోతుంటే కారు గుద్దింది చూడు, అప్పుడు నువ్వు వేసుకున్న బూటే అది. కాలు పోయింది గానీ మెదడు ఇంకా దాన్ని విప్పలేదు. మా శాంత మేడమ్ చెప్పారు. ఆ అమ్మాయికి అద్దం పెట్టి విప్పించారు… నవ్వకు. నా కళ్ళతో చూశా.

చిన్నూని పిలువు. గోడకున్న అద్దం తెమ్మను… ఫోన్ స్పీకర్‌లో పెట్టు. అద్దాన్ని రెండు కాళ్ళ మధ్య నిలబెట్టమను. ఎడమకాలు అందులో కనపడాలి. కుడివైపుది అద్దం వెనక్కి పోవాలి.

ఎడమ బూటు ఉంచుకున్నావుగా?… ఆ, జతలో మిగిలిందే. తొడుక్కో. లేసు గట్టిగా కట్టు.

అద్దంలోకే చూడు… ఏం కనిపిస్తోంది?

…ఆ. రెండు కాళ్ళు. ఆ అద్దంలోది నీ కుడికాలే అనుకో.

ఇప్పుడు లేసు విప్పు. మెల్లగా… చూపు తిప్పకు…

గోపీ?

…గోపీ, ఉన్నావా?

…వదులైందా? నిజంగా?… ఏడువు రా, పర్లేదు. నేనూ ఏడుస్తున్నా ఇక్కడ. బూటు తీసెయ్. సాక్సు కూడా…

ఏంటి?… చలేస్తోందా?

…ఏ కాలికి?

…

చిన్నూ, ఆ దుప్పటి అందుకో… కప్పు వాడికి. రెండు కాళ్ళకీ కప్పు.